ఐదుంబావు బస్సు, ఆఖరి రీలు

తెర మీద విలన్ మనుషులు హీరో తల్లిని స్తంభానికి కట్టేస్తుంటే కింద నేల క్లాసులో జనం లేచి నిలబడ్డారు. కోపంతో కాదు, చెప్పులు వెతుక్కోవడానికి. బెంచీల్లోంచి కొందరు, ఆడవాళ్ల వైపు నుంచి ఇరవై ముప్పై మంది సంచులు చంకన పెట్టుకున్నారు. తెరకు అడ్డం రాకుండా నడుములు వంచి, గోడ వెంబడి బయటికి నడిచారు. రెండు నిమిషాల్లో సగం హాలు ఖాళీ. హీరో మోటారు సైకిలు మీద తలుపు బద్దలు కొట్టుకుని వచ్చేసరికి, అతన్ని చూడడానికి మిగిలింది ఆర్మూరు ఊరివాళ్లు మాత్రమే.

పైన ఆపరేటరు గదిలో గంగాదాస్ చిన్న కిటికీకి ముఖం ఆనించి ఇదంతా చూశాడు. అది 1984, పసుపు సీజను. హన్మయ్య సేటు టాకీసులో అతను చేరి నెలయింది. మాక్లూర్ దగ్గర పసుపు, మక్కజొన్న పండించే ఇంట్లో పుట్టి, పదో తరగతి రెండుసార్లు తప్పి, నిజామాబాద్‌లో నాలుగేళ్లు ప్రొజెక్టరు మిషన్ల దగ్గర చేతులు కాల్చుకుని లైసెన్సు తెచ్చుకున్న మనిషి. ఆట మధ్యలో కరెంటు పోతే జనం కుర్చీలు విరగ్గొట్టడం చూశాడు గానీ, కథ ముడి బిగిసిన చోట ఇంత శాంతంగా వెళ్లిపోవడం ఎక్కడా చూడలేదు. అవమానంగా తోచింది.

కిందికి దిగి సేటును అడిగాడు.

"ఐదుంబావు బస్సురా," అన్నాడు హన్మయ్య సేటు, పేపరు మీంచి కళ్లు తీయకుండానే. "గా బస్సు తప్పితే మల్ల పొద్దుగాలనే. సినిమా కోసం బస్టాండుల పండుకుంటరా?"

సంగతి అంతే. మోర్తాడ్ దాటి లోపలి ఊళ్ల రైతులు పసుపు తెచ్చి మార్కెట్ గంజులో పోస్తారు. బేరం, కాంటా మీద తూకం అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది. వాళ్ల ఊళ్లలోకి పోయే ఒకే ఒక బస్సు సాయంత్రం ఐదుంబావుకు. ఈ మధ్య కాలాన్ని గడపడానికి మ్యాట్నీ. ఆట రెండున్నరకు మొదలవుతుంది. ముందు స్లైడులు, న్యూస్ రీలు, తర్వాత పదహారు రీళ్ల సినిమా, నడుమ ఇంటర్వెల్. అన్నీ కలిపితే ముగిసేది ఐదూ నలభైకి. కాబట్టి ఆ ఊళ్ల వాళ్లు ప్రతి సినిమానూ అరగంటకు పైగా ముందే వదిలేసి వెళతారు. ఏళ్ల తరబడి అదే తంతు.

మరుసటి వారం ఆట మొదలవడానికి ముందు గేటు దగ్గర ఒకామె గంగాదాస్‌ను ఆపింది. యాభై దాటిన మనిషి. పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, రుద్ది, గోళ్లలోకి రంగు శాశ్వతంగా ఎక్కిన చేతులు. పేరు నీలవ్వ. మోర్తాడ్ అవతల ఊళ్లో మూడెకరాల రైతు.

"ఓ బిడ్డా, కొత్త ఆపరేటరువు నువ్వేనా?"

"అవునవ్వా."

"మొన్నటి సినిమాల గా తల్లి బతికిందా, సచ్చిందా?"

"బతికింది. నువ్వు సూడలేదా?"

"ఏడ సూస్తం? ఏడేండ్ల సంది ఈ టాకీసుకు వస్తున్న, ఒక్క సినిమా ఆఖరు దాక ఒడువంగ సూడలే." ఆమె నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

ఆ మాట గంగాదాస్‌ను పట్టుకుంది. ఏడేళ్లు. ఏడాదికి ఎనిమిది సినిమాలు అనుకున్నా యాభైకి పైగా తల్లులు స్తంభాలకు కట్టేసి ఉన్నారు. యాభైకి పైగా పెళ్లిళ్లు ఆగిపోయి ఉన్నాయి. తెర మీద 'శుభం' అనే అక్షరాలు పడతాయని కూడా ఈ మనిషికి తెలియదు. ఆ అక్షరాలు ఆమెకూ, ఆ బస్సు మొత్తానికీ చూపించాలని ఆ పూటే నిర్ణయించుకున్నాడు.

మొదట సులువైన దారి చూశాడు. బస్టాండుకు పోయి కండక్టరు ధర్మయ్యను పట్టుకున్నాడు.

"ధర్మన్నా, జర ఒక అర్ధ గంట ఆపరాదే బస్సును?"

ధర్మయ్య టికెట్ల పెట్టె మూసి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఆపుత. రేపు డిపో మేనేజరుకు ఏం చెప్పాలె? హీరోకు దెబ్బలు తాకినయి సారూ, దవాఖాన్ల ఉన్నడు, గందుకే లేటైంది అని చెప్పాల్నా?"

సేటు దగ్గరా అదే పరిస్థితి. పొద్దుటి ఆట రెండింటి దాకా నడుస్తుంది, గంజులో కాంటా కానిదే రైతులు రారు, ఆట ముందుకు జరపడం కుదరదన్నాడు. అప్పుడు గంగాదాస్ అడగకూడని మాట అడిగాడు: నడుమలోంచి కొంచెం తీసేస్తే?

"ప్రింటుకు కత్తెర పెడితే నీ చేతులు నరుకుత," అన్నాడు సేటు.

"కత్తెర వద్దు సేటూ. ఒక రీలు ఒడువకముందే రెండో మిషన్ మీదికి మారుస్త. గా మిషన్ మీది రీలును మొదటి నాలుగు నిమిషాలు ముందుకు తిప్పి ఎక్కిస్త. సాయంత్రం ఆటకు మల్ల అంతా ఉంటది."

సేటు పేపరు మడిచాడు. "కథ ఏడ తెగిందో ఎవడన్న వచ్చి నన్నడిగిన నాడు, నీ సంగతి చెప్త," అన్నాడు. అదే అనుమతి.

సినిమా గురించి మన దగ్గర రెండు రకాల ఉపన్యాసాలున్నాయి. సినిమా జనాన్ని చెడగొడుతోందని ఒకరు వాపోతారు. సినిమా మహత్తర కళ అని, దాన్ని అక్షరం తీయకుండా ఆరాధించాలని ఇంకొకరు చేతులు జోడిస్తారు. ఇద్దరిలో ఎవరికీ ఐదుంబావు బస్సు ఎక్కాల్సిన అవసరం లేదు. గంగాదాస్‌కు ఎదురైన ప్రశ్న ఈ ఉపన్యాసాలకు అందనిది. పదహారు రీళ్లలో దాదాపు నాలుగు రీళ్లు తీసేసినా కథ నిలబడాలంటే ఏవి తీయాలి?

దీనికి అతని దగ్గర ఒక కొలబద్ద ఉంది. ఆపరేటరు సినిమా చూడడు. ఒకే సినిమాను నలభైసార్లు ఆడించేవాడు తెరను ఎంతని చూస్తాడు? చూసేది హాలును. 'పొగ త్రాగరాదు' అనే స్లైడు పడగానే బీడీ ముట్టించడం మర్యాదగా సాగే రోజులవి. పై నుంచి చూస్తే చీకట్లో అగ్గిపుల్లలు మిణుగురుల్లా వెలిగేవి. అన్ని చోట్లా ఒకేలా వెలగవు. కథ పట్టుకున్న చోట ఒక్క పుల్ల గీయరు. కథ సడలగానే ఇక్కడొకటి, అక్కడొకటి, తర్వాత పది. పుల్లలు ఎక్కువ వెలిగిన చోటు తీసేయదగిన చోటు. ఇదీ గంగాదాస్ సిద్ధాంతం.

మూడేళ్లు ఈ సిద్ధాంతం మీద మ్యాట్నీ నడిపాడు. పుస్తకాల్లో పౌరాణికం, జానపదం, సాంఘికం అని రాస్తారు. గంజు జనం పెట్టుకున్న పేర్లు వేరు: దేవుని సినిమా, కత్తుల సినిమా, ఇంటి సినిమా, పగ సినిమా. ఒక్కోదానికి కోత ఒక్కోలా ఉంటుందని గంగాదాస్‌కు మెల్లగా బోధపడింది. దేవుని సినిమాకు జనం భక్తితో వస్తారని అందరి నమ్మకం. కానీ దేవుడు ప్రత్యక్షమై వరమిస్తుంటే పుల్లలు బారులుగా వెలిగేవి. అదే దేవుడు బిచ్చగాడి వేషంలో వచ్చి, ఎవరూ గుర్తుపట్టక గడప దగ్గర తిట్లు తింటుంటే హాలంతా చీకటి. వరాలు కోయొచ్చు, మారువేషం ముట్టకూడదు. కత్తుల సినిమాలో హీరోకు మూడు పరీక్షలుంటాయి. మొదటిది అతనెవరో చెబుతుంది, మూడోది గెలిపిస్తుంది. రెండోది లెక్క సరిపోవడానికి పెట్టింది, దాన్ని తీస్తే ఎవరికీ పట్టదు. ఇంటి సినిమాలో ఏడుపు ఎంతైనా తగ్గించొచ్చు గానీ, తప్పు మనిషి చేతికి చేరిన ఉత్తరాన్ని మాత్రం తాకరాదు. పగ సినిమాలో మొదటి రీలు మహా పవిత్రం. తండ్రి చావును చూడనివాడికి కొడుకు కోపం అరుపుల్లా వినిపిస్తుంది. అన్నిటికీ పనికొచ్చే సూత్రం ఒకటి దొరికింది: తెలిసిన సంగతిని ఎవరో ఇంకొకరికి మళ్లీ చెప్పే చోట నిర్భయంగా కోయొచ్చు. కోర్టు సీన్లన్నీ ఇలాగే పోయాయి.

మ్యాట్నీ ఐదు గంటలకు ముగియడం మొదలైంది. 'శుభం' పడేది. జనం లేచేవారు. బస్సు అందేది. గంగాదాస్‌కు ఎవరూ దండ వేయలేదు, అతను ఆశించనూ లేదు. కానీ నీలవ్వ కూడా ఏమీ అనకపోవడం కొంచెం వింతగా ఉండేది.

1987లో ఒకరోజు ధర్మయ్యే వచ్చి టీ హోటల్లో ఎదురుగా కూర్చున్నాడు.

"గంగాదాసూ, నా బస్సును ఏం చేసినవ్ రా?"

"నేనేం చేసిన?"

"వెనుకట బస్సు ఎక్కంగనే లొల్లి. గా తల్లిని ఎవడు విడిపిస్తడు, గా పిల్ల ఎవన్ని చేసుకుంటది, ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకొకటి. మోర్తాడ్ దాక తెల్వకపోతుండె. ఒక్కోసారి నేనే టికెట్లు కొట్టుడు మరిచిపోయి పంచాయితి చెప్తుంటి. గిప్పుడు ఎక్కుతరు, పండుకుంటరు. శవాల బండి నడిపినట్టు ఉన్నది."

గంగాదాస్ నవ్వేశాడు గానీ మాట లోపల గుచ్చుకుంది. ఆ ఆదివారం సేటు ఇంట్లో కొత్త టీవీ ముందు కూర్చున్నప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. హిందీ సీరియల్ ఏదో నడుస్తోంది. సరిగ్గా తలుపు తెరుచుకోబోయే క్షణంలో బొమ్మ ఆగి పేర్లు పడ్డాయి. గదిలో ఉన్న పదిహేను మందీ ఒక్కసారి మూలిగారు. సోమవారం బజార్లో ఎవరిని కదిపినా ఆ తలుపు ముచ్చటే. తన బస్సు జనానికి ఊరికే దొరికిన దాన్ని ఈ టీవీ వాళ్లు కావాలని తయారు చేస్తున్నారని అతనికి అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. ముగింపు చూపించడం తప్పెలా అవుతుంది? మూడేళ్ల పని తప్పెలా అవుతుంది?

ఆ సీజన్లోనే ఒక ఖూనీ సినిమా వచ్చింది. అపరాధ పరిశోధన సినిమాలు తెలుగులో తక్కువ, ఆర్మూరుకు చేరేవి ఇంకా తక్కువ. గంగాదాస్ దాన్ని రెండుసార్లు ఆడించి పుల్లలు చూశాడు. తొమ్మిదో రీలు చివర భలే వెలిగాయి. ఖూనీ జరిగిన మర్నాడు పొద్దున బంగళా ముందు తోటమాలి ఊడుస్తుంటాడు. ఎవరో కారును వెనక్కు తీస్తారు. తోటమాలి చీపురు ఆపి నేలవైపు చూస్తాడు, మళ్లీ ఊడుస్తాడు. మాటల్లేవు, పాట లేదు, హీరో అసలే లేడు. గంగాదాస్ సంతోషంగా దాన్ని తీసేశాడు.

ఆ మధ్యాహ్నం చివరి రీల్లో పోలీసు ఇన్‌స్పెక్టరు డాక్టరు వైపు వేలు చూపించి, "నీ కారు కింద పొడి నేలే నిన్ను పట్టించింది డాక్టర్!" అని గర్జించాడు. సంగీతం మోగింది. హాలు మోగలేదు. ఏ పొడి నేల? ఎక్కడి కారు? ఒకడు ఈల వేశాడు, ఇంకొకడు తెరను తిట్టాడు. 'శుభం' పడుతుంటే జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బయటికి నడిచారు.

దాచాల్సిన వస్తువును ఖూనీ సినిమా వాళ్లు సడలిన చోటే దాస్తారని, అందరూ బీడీ ముట్టించుకునే నిమిషంలోనే అసలు సంగతి చెబుతారని గంగాదాస్‌కు అప్పటికి తట్టింది. మెట్లు దిగేసరికి గేటు దగ్గర ధర్మయ్య నిలబడి ఉన్నాడు.

"ఏం సినిమా ఏసినవ్ రా? బస్టాండుల అప్పుడే లొల్లి షురువైంది," అన్నాడు, చాలా హుషారుగా.

సాయంత్రం ఆటలు ఇంకో ఆపరేటరు లింగన్నవి. గంగాదాస్ తలకు తువాలు చుట్టుకుని ఐదుంబావు బస్సు ఎక్కి వెనక సీట్లో మూలకు కూర్చున్నాడు. ధర్మయ్యకూ నీలవ్వకూ తప్ప ఆపరేటరు మొహం ఎవరికీ తెలియదు కదా అని ధైర్యం. నీలవ్వ ముందు వైపు ఆడవాళ్ల సీట్లో ఉంది.

బస్సు కదలకముందే ఎంకటి అనే పడుచు రైతు లేచి నిలబడ్డాడు. "పొడి నేలేంది రా? నేను కన్ను మూయకుంట సూసిన!"

"నువ్వు మిర్చి బజ్జీలకు పోయినవ్," అన్నారెవరో.

"ఇంటర్వెల్ల పోయిన. ఇంటర్వెల్ల సినిమా ఆడుతదా?"

"డాక్టరు చంపలే. మంచోడు. దవ ఊరికె ఇచ్చిండు గద పేదోళ్లకు."

"ఊరికె ఇచ్చినప్పుడే నాకు అనుమానమైంది."

"ఆగురి, ఆగురి," అంది నీలవ్వ, వెనక్కి తిరిగి సీటు కడ్డీ పట్టుకుని. "ఖూనీ అయిన రాత్రి వాన పడ్డదా లేదా?"

"పడ్డది."

"వాన ఎలిసినంక వచ్చిన అన్నడు డాక్టరు. అన్నడా? మరి వాన ఎలిసినంక తెచ్చి నిలవెట్టిన కారు కింద నేల ఎట్లుంటది?"

"తడిగుంటది."

"వానకు ముందుగాల్నే తెచ్చి నిలవెడితే?"

"పొడిగుంటది!" అని అరిచాడు ఎంకటి.

"మొన్న గంజుల వాన పడ్డనాడు నా బండి ముందు వచ్చిందా, మీ మామ బండి ముందు వచ్చిందా అని కొట్లాటైతే ఎట్ల తెంపిన్రు? బండ్లు జరిపి కిందికి సూడలేదా? గట్లనే ఇది. డాక్టరు వానకు ముందే ఖూనీ అయిన ఇంట్ల ఉన్నడు. కారు జరిపినంక ఎవలో పొడి నేల సూసిన్రు. తెల్లారి జరిపి ఉంటరు, రాత్రి కనవడదు."

"అయితే గది మనకెందుకు సూపెట్టలే?"

"సినిమా తీసినోళ్లు సూపెట్టే ఉంటరు. ఆపరేటరు సూపెట్టలే." ఆమె నిదానంగా అంది. "నాకు శానా దినాల సంది అనుమానమే. వెనుకట ఐదుంబావు బస్సుకు మనం లేచొచ్చినప్పుడు సినిమా ఇంక నడుస్తుండె. మూడేండ్ల సంది ఐదు కొట్టంగనే ఒడుస్తున్నది. సినిమాలు పొట్టిగైనయా, గడియారం సాగిందా?"

వెనక మూల తువాలు ఇంకొంచెం కిందికి దిగింది. ధర్మయ్య టికెట్టు చింపుతూ తాపీగా అన్నాడు: "నన్నెందుకు అడుగుతరు? గాయన ఎనుకనే కూసున్నడు, గాయన్నే అడుగురి."

అరవై తలలు తిరిగాయి. గంగాదాస్ తువాలు తీసి లేచి నిలబడ్డాడు. బస్సు కుదుపుకు పైన కడ్డీ పట్టుకున్నాడు.

"దొంగ!" అన్నాడు ఎంకటి.

"మూడేండ్ల సంది మాకు ముక్కలు సూపెడుతున్నవా కొడుకా?" అంది నీలవ్వ.

"మీకోసమే అవ్వా. బస్సు అందాలె, ముగింపూ సూడాలె అని. నువ్వే కద అడిగినవ్, తల్లి బతికిందా సచ్చిందా అని."

నీలవ్వ అతన్ని జాలిగా చూసింది. "కొడుకు మోటరు సైకిలేసుకోని వస్తడు, తల్లి బతుకుతది. గది నాకు ఎర్కలేకనా? కొత్తగొచ్చినవ్, మొహం ఎరిగిన మనిషి లేడు నీకు, ఉత్తగ పలకరిద్దామని అడిగిన."

బస్సంతా ఘొల్లుమంది. గంగాదాస్ చెవులు వేడెక్కాయి. మూడేళ్ల వ్రతం ఒక పలకరింపు మీద కట్టుకున్నాడన్నమాట.

"ఇగో విను," అంది నీలవ్వ నవ్వులు సద్దుమణిగాక. "ముగింపు మేం కట్టుకుంటం. ఇంటి సినిమాకు ముగింపు ఏముంటది? అందరు ఒక్కకాడికొస్తరు. పగ సినిమాకు? సచ్చేటోడు సస్తడు. దేవుని సినిమాకు దేవుడున్నడాయె. గా ముగింపులు ఈ బస్సుల మాకు మస్తు వస్తయి, మీ కంటె మంచిగ వస్తయి. నడుమ మాతోని కాదు బిడ్డా. నడుమల ఏమైతదో తీసినోనికే ఎర్క. నువ్వు మాకు వచ్చేది పెట్టి, రానిది గుంజుకున్నవ్."

గంగాదాస్ తువాలు భుజాన వేసుకున్నాడు. సీటు కడ్డీ మీద ఆనుకుని, "మరి ఖూనీ సినిమాకో?" అన్నాడు.

ఇది కష్టమైన ప్రశ్న. బస్సు పాలెం చెరువు మలుపు దాటేదాకా చర్చ సాగింది. ఖూనీ సినిమాకు నడుమా కావాలి, చివరా కావాలి, ఎందుకంటే అక్కడ తాము కట్టుకున్న ముగింపును వాళ్ల ముగింపుతో సరిచూసుకోవాలి. కాబట్టి ఖూనీ సినిమా వచ్చిన రోజున స్లైడులు బంద్, పొద్దుటి ఆట పెందలాడే, మ్యాట్నీ రెండుకు పావు తక్కువకే. సేటుతో మాట్లాడే బాధ్యత గంగాదాస్‌ది. గంజులో అందరి కాంటాలు ఒంటిగంట కల్లా తెమిల్చే బాధ్యత నీలవ్వది. మిగతా సినిమాలన్నీ పూర్తిగా, మొదటి నుంచి, బస్సు టైము దాకా.

అది తేలాక మరో గొడవ. ఇంతకుముందు తీసేసినవన్నీ ఇప్పుడు చెప్పమన్నారు. మోర్తాడ్ వచ్చేదాకా గంగాదాస్ నిలబడే చెప్పాడు: ఫలానా సినిమాలో రెండో పరీక్ష, ఫలానా దాంట్లో వకీలు మాటలు, వరాలు ఇన్ని. కొన్నిటికి "గది పోతే పోనీ" అన్నారు. ఒక చెల్లెలి పెళ్లిచూపులు తీసేశానన్నప్పుడు మాత్రం ముందు సీట్ల నుంచి అతని మీదికి మక్కజొన్న కంకి ఒకటి వచ్చింది. మోర్తాడ్‌లో దిగి, తిరుగు బస్సులో కంకి ఒలుచుకుంటూ ఆర్మూరు చేరాడు.

తర్వాతి ఏళ్లు సజావుగా గడిచాయి. గంగాదాస్ పెళ్లి చేసుకున్నాడు, బస్టాండు వెనక రెండు గదులు వేసుకున్నాడు. బాల్కొండలో, మోర్తాడ్‌లో దుబాయి నుంచి వచ్చిన వీసీఆర్లు ఇళ్లకు చేరాయి. మ్యాట్నీ కొంత పలచబడింది గానీ ఐదుంబావు బస్సు జనం తగ్గలేదు. ఇంట్లో చూస్తే ఆ ముచ్చట ఎవరితో పెట్టుకోవాలి? ఐదు కొట్టగానే సగం హాలు లేచి వెళుతుంటే గంగాదాస్ ఇప్పుడు నొచ్చుకోడు. ఆ రోజు సినిమాను బస్సు ఎలా ముగించిందో మర్నాడు ధర్మయ్య వచ్చి చెబుతాడు. పదింట్లో నాలుగుసార్లు బస్సు ముగింపే బాగుంటుందని గంగాదాస్ లెక్క.

అసలైన ఖూనీ సినిమా మళ్లీ 1991 దాకా రాలేదు. సినిమా పెట్టె దిగిన రోజే గంగాదాస్ సేటు దగ్గరికి పోయాడు. నగల దుకాణం స్లైడు, పురుగుమందు స్లైడు పోతాయని సేటు సణిగాడు, చివరికి సరేనన్నాడు. నీలవ్వకు ధర్మయ్య చేత కబురు పోయింది. బుధవారం ఒంటిగంటన్నరకే నేల క్లాసు నిండింది.

పదహారు రీళ్లూ, ఒక్క అడుగు తగ్గకుండా, గంగాదాస్ నడిపాడు. ఒక జమీందారు పాలలో విషంతో చస్తాడు. ఇంట్లో ఆరుగురు అనుమానితులు. ఆఖర్న తమ్ముడు నేరం ఒప్పుకుని పట్టుబడతాడు. ఐదుకు ఐదు నిమిషాలు తక్కువలో 'శుభం' పడింది. లైట్లు వెలిగాయి. ఊరివాళ్లు లేచారు. బస్సు జనం మాత్రం కూర్చునే ఉన్నారు.

గంగాదాస్ కంగారుగా కిందికి దిగాడు. "ఏమైందవ్వా? బస్సుకు ఇరవై నిమిషాలే ఉన్నది."

"ఒడిసిందా?"

"ఒడిసింది."

"తప్పు," అంది నీలవ్వ.

"ఏం తప్పు?"

"తమ్ముడు చంపలే. పొద్దుగూకకముందే పాలల్ల విషం కలిపి ఊరికి పోయిన అన్నడు. ఆవును పిండింది ఎప్పుడు? ఇంట్ల దీపం ముట్టిచ్చినంక. పిండని పాలల్ల విషం ఎట్ల కలుపుతడు? వదినె చంపింది. తమ్ముడు మీదేసుకున్నడు. తీసినోళ్లకే ఎర్కలేదు."

"పోలీసోళ్లు పట్టుకున్నరు కదవ్వా," అన్నాడు ఎంకటి.

"పోలీసోడు ఎన్నడన్న పాలు పిండిండా?"

లొల్లి హాల్లోనే మొదలై గేటు దాటి, రోడ్డు దాటి, బస్టాండు దాకా నడిచింది. ధర్మయ్య మెట్టు మీద నిలబడి రెండు పక్షాలనూ లోపలికి తోశాడు. బస్సు కదిలినా నీలవ్వ కిటికీలోంచి చేయి ఊపుతూ, "దీపం సూడు, దీపం!" అని అరుస్తూనే ఉంది.

గంగాదాస్ పైకి వెళ్లి మూడో రీలు తీశాడు. వెనక్కి చుట్టే మిషన్ మీద ఎక్కించి, ఫిల్మును బల్బుకు అడ్డం పట్టి, చిన్న చిన్న బొమ్మలు ఒక్కొక్కటే వేళ్ల మధ్య జరిపాడు. కొట్టం. ఆవు. చెంబు. పని మనిషి వంగి కూర్చుంది. ఆమె వెనక ఇంటి కిటికీలో గోరంత పసుపు వెలుగు. దీపం వెలిగే ఉంది.

అతను నవ్వడం విని లింగన్న బీడీ పారేసి లోపలికొచ్చాడు. "ఏందన్నా?"

"తమ్ముడు చంపలే రా," అన్నాడు గంగాదాస్, ఫిల్మును అతని చేతికి అందిస్తూ.

పెట్టె ఇంకా తొమ్మిది రోజులు ఆర్మూరులో ఉంది. ఆ తొమ్మిది రోజులూ గంగాదాస్ తెలిసి తెలిసి ఒక అమాయకుడికి పూటకొకసారి బేడీలు వేయించి జైలుకు పంపాడు.